పారిపోయినవాడు ఇంట్లోనే ఉన్నాడు

"ఆ అట్టలు ఇచ్చెయ్ నాన్నా" అని కీర్తన అడగడం అది మూడోసారి.

ఓబదయ్య ఇవ్వలేదు. ప్రశ్నలు రాసిన ఏడు అట్టముక్కల్నీ తొడ కింద పెట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. చూపు టీవీ మీద ఉంది. టీవీ ఆపేసి ఉంది.

వంటింటి గుమ్మంలో రత్నమణి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. సాయంత్రపు అసర్ నమాజు అయ్యేసరికి సముద్రం ఒడ్డున ఉన్న ఇస్తిరాహాకి చేరాలి. పెళ్ళిళ్ళకీ విందులకీ అద్దెకిచ్చే ఆ తోటలోనే, ఈ అరబ్బు ఊరు రాబిగ్‌లోని తెలుగు సంఘం వాళ్ళ 'విజేతలతో ముచ్చట్లు' ఈ శుక్రవారం జరుగుతాయి. ముచ్చట్లాడేది కీర్తన. మైకు పట్టుకుంటే తడబడని పిల్ల అని సంఘమంతా ఏకమై ఆమెకే అప్పగించింది. అప్పగించిన అధ్యక్షులవారు నోయెల్ గారు. ఈ ఏటి విజేతల్లో ఒకడు నోయెల్ గారి ఏకైక పుత్రరత్నం, క్రిస్.

ఇక ఇంట్లో శాంతి ఎలా ఉంటుంది?

పేచీ ఏడో అట్ట దగ్గర వచ్చింది. అధ్యక్షులవారికి పంపిన జాబితాలో ఆ ప్రశ్న లేదు. కీర్తన పొద్దున్న కూర్చుని రాసుకుంది. "ప్రీబోర్డులో లెక్కలకి నీకు నలభై ఒకటి. బోర్డులో తొంభై ఆరు. మధ్యలో నీకు లెక్కలు చెప్పిందెవరు క్రిస్?"

చెప్పింది ఓబదయ్య. ఆ సంగతి ఈ ముగ్గురికీ తెలుసు, నోయెల్ గారికీ తెలుసు. తెలియాల్సిన ఒకే ఒక్క మనిషికి మాత్రం తెలీదు. ఆ మనిషి కంపెనీ యజమాని, ఓబదయ్య వీసాకి పూచీ పడ్డ కఫీలు.

ఫిబ్రవరిలో క్రిస్ పరీక్షల సెలవుల్లో ఉన్నప్పుడు, ఆఫీసులో మనుషుల లెక్క చూసే నోయెల్ గారు ఓబదయ్యని పక్కకి పిలిచి, మావాడి పని అయ్యేలా లేదు బ్రదర్, మీరు పొద్దున్నే ఆఫీసుకి రాకుండా నేరుగా మా ఇంటికెళ్ళి లెక్కలు చెప్పండి, మిషన్లో వేలు పెట్టక్కర్లేదు, హాజరు సంగతి నేను చూసుకుంటాను అన్నారు. కాగితం ముక్క లేదు. అడగాలని ఓబదయ్యకి తోచలేదు. తోచినా అడిగేవాడు కాదు. పై ఆఫీసరు, పైగా శుక్రవారం ప్రార్థన కూడికలో పక్కన కూర్చునే మనిషి. నరసాపురంలో డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్పి వచ్చిన మాస్టారికి మొహమాటం ఒక జబ్బు. ఇరవై ఆరు రోజులు వెళ్ళాడు. ఆ తర్వాత కూడా, పిలిచేదాకా ఆఫీసుకి రావద్దని నోయెల్ గారే అన్నారు.

మార్చిలో నితాఖాత్ లెక్క, అంటే కంపెనీలో స్థానికులు ఇంతమంది ఉండి తీరాలనే లెక్క, తిరగబడింది. కంపెనీ ఎర్ర జాబితాలోకి జారకుండా ఉండాలంటే విదేశీయుల్లో ఒక పేరు తగ్గాలి. మిషన్లో ఇరవై ఆరు రోజులుగా వేలు పడని పేరు ఒకటి చేతికి సిద్ధంగా దొరికింది. పని వదిలేసి పారిపోయాడని నోయెల్ గారు రాసేశారు, కఫీలు సంతకం పెట్టేశాడు. దాన్నే ఇక్కడ హురూబ్ అంటారు. హురూబ్ పడ్డవాడు వీధిలో దొరికితే జైలుకి, జైలు నుంచి విమానానికి. ఏప్రిల్‌లో బ్యాంకు కార్డు ఆగిపోయి విషయం తెలిసిన దగ్గర్నుంచి ఓబదయ్య మూడో అంతస్తు దిగి కిందికి రాలేదు. అతని వీసా మీదే ఉన్న కీర్తన కాగితాలూ అతనితోపాటే ఆగిపోయాయి. విశాఖలో కాలేజీ సీటు ఆమె కోసం ఎన్నాళ్ళు ఆగుతుందో ఎవరికీ తెలీదు. ఆ హురూబ్ తీసేయగలిగింది కఫీలు ఒక్కడే. కఫీలు చెవి మాత్రం నోయెల్ గారి గుప్పిట్లో ఉంది.

"ఆ కుర్రాడికి ఏం తెలీదే" అన్నాడు ఓబదయ్య ఎట్టకేలకు. "నేను వేరే కంపెనీకి మారిపోయానని చెప్పారంట వాడికి. అభం శుభం తెలీని వాడి నోటితో వాడి నాన్నని పదిమందిలో పట్టించేస్తావా? అది పగే గానీ న్యాయం కాదు."

"పగే నాన్నా. అయితే ఏంటి?"

రత్నమణి చేతిలో కుచ్చిళ్ళు ఒక్క క్షణం ఆగాయి. కూతురి జవాబు ఆమెకి నచ్చింది. నచ్చినట్టు పైకి కనబడనివ్వలేదు.

ఆ తర్వాత చాలాసేపు వాదన నడిచింది. నువ్విక్కడ కిటికీ తెర కూడా తియ్యకుండా బతుకుతున్నావని కూతురూ, వాడు నా శిష్యుడని తండ్రీ. కఫీలు ఇవాళ ముఖ్య అతిథిగా వస్తున్నాడు, ఇలాంటి రోజు మళ్ళీ రాదని కూతురూ, నేను జైలుకైనా పోతాను గానీ చదువు చెప్పిన పిల్లాణ్ణి సాక్షిగా నిలబెట్టనని తండ్రీ. చివరికి అతను చెయ్యి చాపాడు. ఒట్టెయ్యమన్నాడు. కీర్తన ఏడ్చేసింది. ఏడుస్తూనే, లెక్కలు చెప్పిందెవరని అడగనని ఒట్టేసింది. ఓబదయ్య ఏడో అట్ట జేబులో పెట్టుకుని మిగతా ఆరూ ఇచ్చాడు.

తర్వాత భార్య వైపు తిరిగాడు. "రత్నం, నువ్వు కూడా..."

"టైమైపోతోందండి" అని రత్నమణి బీపీ మిషన్ సంచీ భుజాన వేసుకుంది.

ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆమె మాట ఇవ్వలేదని అతనికి తెలియకుండా ఉండదు. అయినా గుచ్చి అడగలేదు.

నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో పగ కీర్తనది కాదు, తల్లిది. పిల్లది ఉడుకు, రేపు చల్లారిపోతుంది. రత్నమణిది అలాంటిది కాదు. హురూబ్ సంగతి బయటపడ్డాక ఆమె రెండుసార్లు ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి నేరుగా కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళింది. యజమానిని కలవనివ్వమంది. రెండుసార్లూ గేటు కాపలావాడు లోపలికి ఫోన్ చేసి, నోయెల్ సాబ్ వద్దన్నారని వెనక్కి పంపేశాడు. రెండోసారి వెళ్ళొచ్చిన మర్నాడు శుక్రవారం కూడిక వీళ్ళింట్లోనే. నోయెల్ గారు వచ్చారు. ఓబదయ్య తల మీద చెయ్యి పెట్టి, ఈ సహోదరునికి ఒక దారి తెరువుమని కళ్ళు మూసుకుని గొంతెత్తి ప్రార్థించారు. ప్రార్థనలో ఆయన గొంతు చాలా బాగుంటుంది. తర్వాత టీ అడిగారు. రత్నమణి ఇచ్చింది.

ఆ టీ ఇచ్చిన చెయ్యిని ఆమె ఇంకా క్షమించుకోలేదు. ఎదుటివాణ్ణి క్షమించడం గురించి ప్రతి శుక్రవారం పాడుతూనే ఉంది. పెదవులు కదిలేవి, కడుపు మండేది. నోయెల్ పడాలి. ఎక్కడో చీకట్లో కాదు, వాడి వాళ్ళ మధ్య, వాడి కుర్చీలో కూర్చుని ఉండగానే పడాలి. ఆమె దేవుణ్ణి అడిగింది అదొక్కటే. ఆ మాట బయటికి అని ఉంటే కూడికలో ఎవరూ ఆమెన్ అనేవారు కాదు.

సలీం కారులో వెళ్ళారు. సలీం మదనపల్లి మనిషి, ఇక్కడ డ్రైవరు. ముందు సీట్లో అతని కూతురు పర్వీన్ కూర్చుంది. సీఏ మొదటి పరీక్షలో ర్యాంకు తెచ్చుకుంది కాబట్టి ఈ రోజు ముచ్చట్లు మొదలయ్యేది ఆమెతోనే. "ఓబదయ్యన్న ఎట్లుండాడమ్మా?" అని సలీం అద్దంలోంచి అడిగాడు. ఉన్నారు అంది రత్నమణి. సలీం ఇంకేం అడగలేదు. హురూబ్ పడ్డ మనిషి గురించి ఎక్కువ అడగకపోవడమే ఈ ఊళ్ళో మర్యాద.

ఇస్తిరాహాలో కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు. వేదిక పక్కనే, మొదటి వరసకి ఆనుకుని నర్సుల బల్ల వేస్తారు. ఎండకి ఎవరికైనా కళ్ళు తిరిగితే చూడాలని ఏటా రత్నమణినే అక్కడ కూర్చోబెడతారు. ఈ ఏడాది ఆమెని మార్చాలని ఎవరికీ తట్టలేదు. నోయెల్ గారికి కూడా తట్టలేదు. అన్నిటికీ జాబితాలు రాసే మనిషి ఆ ఒక్క పేరు చూసుకోలేదు.

మొదటి వరసలో మధ్య కుర్చీలో కఫీలు అబూ ఫహద్. అరవై దాటిన పెద్దమనిషి, బంగారు అంచు కళ్ళజోడు. నోయెల్ గారు వేదిక మీద బల్ల సర్దించడానికి లేచి వెళ్ళగానే, ఆయన నర్సుల బల్ల వైపు చూసి షుగరు చూడగలవా సిస్టర్ అని అరబ్బీలో అడిగాడు. రత్నమణి చూసింది. రెండు వందల పదహారు. ఆయన ముందున్న ఖర్జూరాల పళ్ళెం తీసి పక్కన పెట్టేసింది. ఆయన నవ్వి, ఇంత బాగా అరబ్బీ ఎక్కడ నేర్చావన్నాడు. పురుళ్ళ వార్డులో పదిహేడేళ్ళు, తిట్లతో సహా నేర్చుకున్నాను అంది. ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వు మధ్యలోనే చెప్పేయాలని ఆమెకి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఏమవుతుంది? ఆయన నోయెల్ వైపు తిరుగుతాడు. పారిపోయినవాడి పెళ్ళాం అలాగే అంటుంది సార్ అని నోయెల్ అంటాడు. అక్కడితో సరి. ఆమె పళ్ళు బిగించి సూది డబ్బాలో వేసింది.

నోయెల్ గారు తిరిగొచ్చి ఆమెని చూశారు. మొహం ఒక్కసారి రంగు మారింది, వెంటనే సర్దుకుంది.

"వందనాలు సిస్టర్. బ్రదర్ బాగున్నారా?"

"ఇంట్లోనే ఉన్నారండి" అంది రత్నమణి. "ఎక్కడికి వెళ్తారు?"

ఆయన వినబడనట్టు కఫీలు పక్కన కూర్చుని, వేదిక మీద ఏం మాట్లాడితే అది ఆయన చెవిలో అరబ్బీలో చెప్పడం మొదలుపెట్టారు.

పర్వీన్ బాగా మాట్లాడింది. నిన్ను ఇంతదూరం నడిపించింది ఏమిటని కీర్తన అడిగితే, "కోపం అక్కా" అంది. డ్రైవరు కూతురికి సీఏ ఎందుకని ఒక ఆంటీ అన్నారట, ఆ మాట అద్దం మీద రాసుకుని రోజూ చదివి మరీ పుస్తకం తీసేదట. ఆ ఆంటీ ఇక్కడే ఉన్నారు, థాంక్స్ ఆంటీ అంది. జనం పగలబడి నవ్వారు. ఆడవాళ్ళ వైపు ఒక్కరు మాత్రం పమిట సర్దుకున్నారు. రత్నమణి నవ్వలేదు. ఆ పిల్ల అదృష్టం చూసి ఆమెకి అసూయ కలిగింది. కోపానికి ఒక పరీక్షా, ఒక ర్యాంకూ దొరకడం ఎంత సులువు!

తర్వాత క్రిస్. పొడుగ్గా, బిడియంగా, తండ్రి కొనిచ్చిన కోటులో వచ్చి కూర్చున్నాడు. ప్రశ్నలు నోయెల్ గారు దిద్దినవే, జవాబులూ ఆయన రాసిచ్చినవే. వారం రోజులు ఇంట్లో అప్పజెప్పించుకున్నారట, ఆయన భార్య షాలిని అందరితో మురిపెంగా చెప్పుకుంటోంది. ఆరో ప్రశ్న, నీకు మోటివేషన్ ఎవరన్నది, నోయెల్ గారు స్వయంగా తన పెన్నుతో చేర్చారు. దాని జవాబు నాన్న గురించి అరపేజీ ఉంది.

కీర్తన అట్టలు వరసగా తిప్పుతోంది. గొంతులో ఉషారు లేదు. ఏమవ్వాలనుకుంటున్నావు క్రిస్ అని అడిగింది. పెట్రోలియం ఇంజినీరు అని ఉండాలి అక్కడ. క్రిస్ ఆమె మొహంలోకి చూశాడు, ఆమె కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వాడేం అనుకున్నాడో గానీ అప్పజెప్పిన పాఠం మర్చిపోయాడు.

"లెక్కల మాస్టారు అవుతాను" అన్నాడు.

జనం నవ్వారు. నోయెల్ గారు కఫీలు వైపు వంగి, ముహందిస్, ఇంజినీరు అవుతాడట అని చెప్పారు. రెండు గజాల దూరంలో రత్నమణి విన్నది. కూర్చున్నచోటే ఆమె వెన్ను నిటారైంది.

కీర్తన ఆరో అట్ట చదివింది.

క్రిస్ మైకు దగ్గరికి లాక్కున్నాడు. "నాకు ఓబదయ్య సార్ మోటివేషన్. కీర్తన వాళ్ళ నాన్నగారు. స్టడీ లీవులో రోజూ పొద్దున్న ఎనిమిదింటికల్లా మా ఇంటికొచ్చేవారు. నాన్నే ఆఫీసు మాన్పించి పంపేవారు. ఇరవై ఆరు రోజులు. లెక్క రాకపోతే సార్ తిట్టేవారు కాదు, ఇది నాకూ మొదట రాలేదురా అనేవారు. తర్వాత వేరే కంపెనీకి వెళ్ళిపోయారు. నేను ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు."

హురూబ్ సంగతి తెలియని తెలుగువాడు ఆ ఊళ్ళో లేడు. తెలియనిది ఆ పిల్లాడికే. వేదిక మీద కీర్తన అట్టలు పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది. ఆమె ఒట్టు తప్పలేదు.

"ఏష్ గాల్?" అన్నాడు కఫీలు. ఏమన్నాడు?

నోయెల్ గారు ఆయన చెవి దగ్గరికి వంగారు. మా నాన్నే నాకు గురువు అంటున్నాడు, రోజూ పొద్దున్నే లేపి నాన్నే లెక్కలు చెప్పాడంటున్నాడు అని చెప్పారు. కఫీలు మెచ్చుకోలుగా ఆయన భుజం తట్టాడు.

ఆ తట్టడం చూశాక రత్నమణికి ఇంకేం కనబడలేదు. లేచి నిలబడింది.

"ఆ కుర్రాడు అలా అనలేదండి" అంది అరబ్బీలో. పురుటిగదిలో మాట్లాడే గొంతు అది, గట్టిగా, తొణక్కుండా. క్రిస్ అన్న ప్రతి మాటా వరసగా చెప్పింది. ఎనిమిది గంటలు. ఇరవై ఆరు రోజులు. ఆఫీసు మాన్పించి పంపింది తండ్రేనన్నది. చివర్లో ఓబదయ్య పేరు, కఫీలు పలికే తీరులోనే ఉబైద్ అని చెప్పింది.

కఫీలు చెయ్యి నోయెల్ గారి భుజం మీది నుంచి దిగింది. "ఉబైదా? పారిపోయాడని నువ్వు చెప్పిన ఉబైదేనా? హురూబ్ పెట్టాం కదా?"

తక్కిన అరబ్బీ రాకపోయినా ఆ ఒక్క మాట ఇక్కడ పెరిగిన ప్రతి పిల్లాడికీ తెలుసు. క్రిస్ చేతిలో మైకు ఇంకా తెరిచే ఉంది.

"నాన్నా" అన్నాడు. "సార్‌కి హురూబ్ ఎవరు పెట్టారు?"

కీర్తన వేదిక దిగింది. ఏమీ అడగలేదు. ఇంకో మైకు తెచ్చి నోయెల్ గారి నోటి ముందు పెట్టి నిలబడింది.

ఆయన మొహాన నెత్తుటి చుక్క లేదు. మైకుని చేత్తో పక్కకి నెట్టి, కఫీలుని వదిలేసి, రత్నమణి వైపు వంగారు. తెలుగులో, ప్రార్థనలో కూడా ఎన్నడూ లేనంత మెత్తగా అన్నారు.

"మావాడి ముందు వద్దు సిస్టర్. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆఫీసులో ఏదో పొరపాటు జరిగిందని చెప్పండి, చాలు. రేపు పొద్దున్నే నేనే తీసేయిస్తాను."

కఫీలు ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు సిస్టర్. ఇతను ఏమంటున్నాడు?"

పొరపాటు అంటే సరిపోతుంది. రత్నమణికి ఆ సంగతి స్పష్టంగా తెలుసు. ఆ ఒక్క మాటతో రేపు ఓబదయ్య మెట్లు దిగుతాడు, కూతురు విమానం ఎక్కుతుంది, వేదిక మీద బిక్కచచ్చి నిలబడ్డ ఆ పిల్లాడికి తండ్రి మిగులుతాడు. ఓబదయ్య ఇక్కడుంటే ఆ మాటే చెప్పేవాడు. ఆమె క్రిస్ వైపు చూసింది. జాలి కలిగింది, కలగలేదని ఎందుకు అబద్ధం చెప్పాలి? జాలి కలిగినా ఆమె ఆగలేదు.

నోయెల్ అన్నది అన్నట్టుగా చెప్పింది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తగ్గించలేదు. కొడుకు ముందు వద్దంటున్నాడనీ, కాళ్ళు పట్టుకుంటానంటున్నాడనీ, పొరపాటు జరిగిందని నన్ను మీతో చెప్పమంటున్నాడనీ చెప్పింది. చెప్పి, నోయెల్ మొహంలోకి తృప్తిగా చూసింది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆమెకి గుండెల నిండా ఊపిరి అందింది.

కఫీలు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఉబైద్ నీకేమవుతాడు?"

"నా భర్త."

"ఎక్కడున్నాడు?"

ఆ గెలుపు వేడిలో ఉంది ఆమె. తలెత్తి చెప్పింది. పాత మార్కెట్ వెనక వీధి, మూలనున్న బఖాలా, ఆ కిరాణా కొట్టు మీద, మూడో అంతస్తు, ఎడమవైపు తలుపు. ఎక్కడికీ పారిపోలేదు, మూడు నెలలుగా అక్కడే ఉన్నాడంది.

కఫీలు లేచాడు. నోయెల్ వైపు గానీ, ఆమె వైపు గానీ చూడకుండా జేబులోంచి ఫోన్ తీసి ఎవరినో పిలిచాడు. గోడ వైపు తిరిగి, ఎడారి బదూల యాసలో, గబగబా మాట్లాడాడు. రత్నమణికి వచ్చింది ఆసుపత్రి అరబ్బీ, ఆ వేగం ఆమెకి అందలేదు. వీధి పేరు చెప్పడం విన్నది. మూడో అంతస్తు అనడం విన్నది. ఆ తర్వాత అర్థమైన మాట ఒక్కటే.

షుర్తా. పోలీసులు.

నోయెల్ కోసమో, ఇంకా హురూబ్ కిందే ఉన్న ఓబదయ్య కోసమో ఆమెకి అందలేదు.